ఇంద్రసేన గారు బాగుందన్నారు

పుణె,
6 జనవరి 2025

చిక్కడపల్లి మార్కెట్ మొత్తం భయపడే మా మామయ్యకు,

కొత్త సంవత్సరం మొదలై వారం కాకముందే ఎవరెవరిని తిట్టారో రాయండి. పాలవాడు మానేశాడని విజయశ్రీ అత్తమ్మ ఫోనులో చెప్పింది. ఎందుకు మానేశాడో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళకు ఏదో కొత్త నూనె రాస్తోంది, ఇల్లంతా దాని వాసనే. "మా తమ్మునికి రాయి బిడ్డా, పొద్దుగాల చలిల నడవొద్దని" అంటోంది. రాశాను. మీరు వినరని ఆమెకూ తెలుసు.

ఇక నా పని. 'తోడుచెవి' అని నేనూ నా స్నేహితులిద్దరూ నడుపుతున్న వెబ్ పేజీ గురించి మీకు లోగడ చెప్పాను, మీరు ఆవలించారు. సినిమాలకూ కంపెనీలకూ కాకుండా తమంతట తాము పాటలు కట్టుకునే పిల్లలు అందులో తమ ట్రాకులు పెడతారు. మెటల్, ఎలక్ట్రానిక్, యాంబియెంట్ ఎక్కువ. యాంబియెంట్ అంటే పల్లవీ చరణమూ ఉండవు, ఒక చోట కూర్చుంటే ఆ చోటు ఎలా వినిపిస్తుందో అలా ఉంటుంది. మేం విని స్నేహంగా అభిప్రాయం చెబుతాం. నియమం ఒకటే: ముందు ఒక మంచి మాట, తర్వాత దిద్దుకోవలసినది ఒకటి, చివర మళ్ళీ ఒక మంచి మాట. ఎవరి మనసూ నొప్పించకూడదు.

మా ముగ్గురిలో శాస్త్రం తెలిసినవాళ్ళు లేరు. నారాయణగూడలో జీవితమంతా ఫిడేలు నేర్పిన మీ చెవి మాకు కావాలి. పాటల గురించి ఫోనులో మాట్లాడరని తెలుసు కాబట్టి పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. ఉత్తరం రాయండి, నేను టైపు చేసి పెడతాను.

ఈ పేజీ అసలు ఎందుకు పెట్టానో తెలుసా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు మీ ముందు ఫిడేలు వాయించాను. మీరు నవ్వి, "చాలా బాగుంది తల్లీ" అన్నారు. అమ్మ వాడకట్టంతా లడ్లు పంచింది. తర్వాత చదువుల గొడవలో ఫిడేలు అటక ఎక్కింది గానీ, ఆ మాట మాత్రం నాతోనే ఉంది. ఆఫీసులో ఎవరు ఎంత చిన్నబుచ్చినా దాన్నే తలుచుకుంటాను. ఒక మంచి మాట మనిషిని ఎంతకాలం నిలబెడుతుందో నాకు మీరే నేర్పారు.

కాదనకండి.

మీ మేనకోడలు
సంయుక్త


చిక్కడపల్లి,
17 జనవరి 2025

ఊళ్ళో వాళ్ళ పాటలన్నీ నెత్తిన వేసుకున్న సంయుక్తకు,

పెన్‌డ్రైవ్ అందింది. మీ అత్తమ్మ దాన్ని స్పీకరుకు తగిలించింది. మొదటి పాట మొదలవగానే "స్పీకర్ ఖరాబైనట్టుంది" అని పీకేసింది. నేనూ అదే అనుకున్నాను. మళ్ళీ పెట్టినా అదే చప్పుడు వచ్చాక తెలిసింది, ఖరాబైంది పాటేనని.

అది నీ ఓరుగల్లు కుర్రాళ్ళ మెటల్. పాడేవాడి గొంతులో చేపముల్లు ఇరుక్కుంది, తీయమని ఇంటిల్లిపాదినీ పిలుస్తున్నాడు. ఆ పిలుపైనా శ్రుతిలో లేదు. డ్రమ్ములవాడికి ఎక్కడికో వెళ్ళే తొందర ఉంది, మిగతావాళ్ళు చొక్కా పట్టుకుని ఆపుతున్నారు. బాగుంది అని రాయి.

విద్యానగర్ అమ్మాయి భవ్య చేసిన ఎలక్ట్రానిక్ ట్రాకు ఇస్త్రీ చొక్కాలా ఉంది, ఎక్కడా ముడత లేదు. లోపల మనిషి కూడా లేదు. అమ్మాయి ఎప్పుడొస్తుందా అని చివరిదాకా చూశాను, రాలేదు. చాలా బాగుంది అని రాయి.

నిజామాబాద్ ఇంజినీరు యాంబియెంట్ పెట్టినప్పుడు మీ అత్తమ్మ లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు సరిగా వేసి వచ్చింది. అయినా చప్పుడు ఆగలేదు. రెండింటిలో ఫ్రిజ్జే నయం, అది మధ్యమధ్య ఊరుకుంటుంది. ఇతనికీ బాగుంది అని రాయి.

పై మాటలన్నీ నీకు, నవ్వుకోవడానికి. వాళ్ళకు 'బాగుంది' ఒక్కటి చాలు. దాని ముందూ వెనకా ఏమీ తగిలించవద్దు.

పాలవాడి సంగతి. నీళ్ళలో పాలు కలిపేవాడు, అడిగాను. తప్పా?

మీ అమ్మ నూనె వాసన ఇక్కడిదాకా వస్తోందని చెప్పు.

ఇంద్రసేన


పుణె,
2 ఫిబ్రవరి 2025

పైకి ముళ్ళు, లోపల వెన్న అయిన మామయ్యా,

మీ ఉత్తరం చదివి అమ్మా నేనూ పడీపడీ నవ్వాం. నవ్వు తగ్గాక ఇంకోసారి చదివాను. ఇంత ఎగతాళి చేసి కూడా, వాళ్ళకు మాత్రం బాగుంది అనే రాయమన్నారు. ముగ్గురిలో ఒక్కరినీ నొప్పించలేదు. మీరు మారిపోయారు మామయ్యా, వయసు మిమ్మల్ని మెత్తబరిచింది. నేను మంచి మాట, దిద్దుబాటు అని నియమాలు పెట్టుకుని నానా తంటాలు పడతాను. మీరు ఒక్క మాటతో తేల్చేశారు.

ఓరుగల్లు కుర్రాళ్ళు చేసిన పని వినండి. 'ఇంద్రసేన గారు బాగుందన్నారు' అని పెద్ద అక్షరాలతో బ్యానరు చేసి వాళ్ళ పేజీకి కట్టుకున్నారు. భవ్య మీకు పాదాభివందనం చెప్పమంది. ఇంజినీరు ఉద్యోగానికి సెలవు పెట్టి కొత్త ట్రాకు మొదలుపెట్టాడట.

ఈసారి పెన్‌డ్రైవ్‌లో ఒక్కటే ట్రాకు ఉంది. మీకు దగ్గరివాడే, అశోక్ నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న అబ్బాయి, పేరు అఖిల్. అతను రాసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"అక్కా, నమస్తే. మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. గ్రూప్స్‌కు చదువుకుంట, ఫోన్ల సౌండ్లు రికార్డ్ చేసుకుంట ఇది చేసిన. వేరేటోళ్ళు వినకున్నా మంచిదే, ఇంద్రసేన సార్ ఒక్కరు వింటె చాలు. సార్ ఏమంటె అదే. కొత్త నోటిఫికేషన్ పడకముందే నేను తేల్చుకోవాలె, ఇది పట్టుకోవాల్నా విడిచిపెట్టాల్నా. రెండూ అయ్యేటట్టు లేవు."

మీ పేరు అతనికెలా తెలుసో! బ్యానరు చూసి ఉంటాడు. పాపం, అతని తేల్చుకోవడమంతా మీ మాట మీద ఉంది. జాగ్రత్తగా వినండి.

సంతోషంతో
సంయుక్త


చిక్కడపల్లి,
14 ఫిబ్రవరి 2025

సంయుక్తా,

నేను మెత్తబడ్డానని ఎవరు చెప్పారు? మీ అత్తమ్మనడుగు. నిన్న అన్నం మాడింది. ఈ అబ్బాయి ట్రాకులో చప్పుళ్ళు కలుస్తాయని నేను కుక్కరు కూడా ఆపించాను, ఆవిడ గిన్నెలో వండింది, మాడింది. నన్ను తిడుతోంది. దీనికంతటికీ కారకుడైనవాణ్ణి నేను తిట్టవద్దా?

కింద ఉన్నది అతనికి. ఒక్క అక్షరం మార్చకుండా పంపు. మిగతా తప్పులు విడిగా నాలుగు కాగితాల మీద రాసి ఇందులోనే పెట్టాను, అవి కూడా పంపు.

"అఖిల్ అనేవాడికి,

నీకు సిగ్గుండాలి. చదువుకునే హాల్లో ఫ్యాన్ల చప్పుడు పట్టుకొచ్చావు. వాటిలో ఒకదానికి రెక్క వంకర. ఆ టకటకనే తాళంగా పెట్టుకుని మిగతా చప్పుళ్ళన్నిటినీ దానికి లొంగదీశావు. అంత తెలిసినవాడివి, కరెంటు పోయిన చోట ఏం చేశావురా గాడిదా? ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగుతాయి. వాటి కింద ఉన్నాయని కూడా అప్పటిదాకా తెలియని గొంతులు బయటికొస్తాయి. ఒకడు రాజ్యాంగం వల్లెవేస్తున్నాడు, ఇంకొకడు నదుల పేర్లు. చీకటి పడ్డా ఎవడూ ఆపడం లేదు. అక్కడ నువ్వు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కూర్చోలేకపోయావు. వినేవాడికి ఏడుపు రాదేమోనని భయపడి ఫిడేలు తెచ్చి మా నెత్తిన రుద్దావు. పిరికివాడివి.

ఇక ఆ ఫిడేలు. వాయించింది నువ్వు కాదు, అది నీ వయసు చెయ్యి కాదు. కమాను మళ్ళించే చోట మణికట్టు మెత్తగా తిరుగుతోంది. ఎవరైనా పక్కన కూర్చుని నేర్పితే గాని అది రాదు. సరిగ్గా నేర్చుకుని మధ్యలో వదిలేసినవాళ్ళెవరో. పై తీగ శ్రుతి దిగినా పట్టించుకోలేదు. ఇంత చెయ్యి పెట్టుకుని మూలన కూర్చున్నందుకు వాళ్ళకూ నా తరఫున నాలుగు అక్షింతలు వెయ్యి. రేపటినుంచి సాధన చేయమను.

ఫిడేలు తీసేసి మళ్ళీ చేసి పంపు. అదీ నచ్చకపోతే మళ్ళీ తిడతాను, మళ్ళీ చెయ్యి. నేను ఒప్పుకునేదాకా నీకు విడుపు లేదు."

అంతే. వెంటనే పంపు, ఆలస్యం చేయకు.

ఇంద్రసేన


పుణె,
22 ఫిబ్రవరి 2025

మామయ్యా,

మీ మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. 

గాడిద, పిరికివాడు. ఒక పల్లెటూరి పిల్లవాడు, హాస్టల్లో ఎవరూ తోడులేనివాడు, మీ మాట మీద తన బతుకు పెడితే, అతనికి మీరు ఐదు కాగితాల తిట్లు పంపుతారా? ఫిడేలు వాయించినవాళ్ళను కూడా వదల్లేదు. మళ్ళీ చేసి పంపమన్నారు, ఎందుకు? మళ్ళీ తిట్టడానికా? అశోక్ నగర్ హాస్టళ్ళలో పిల్లలు ఎంత దిగులుతో ఉంటారో మీరు రోజూ ఆ దారినే నడుస్తారు కదా, మీకు కనబడదా? డబ్బున్న ఇంజినీరుకు బాగుంది. పెద్ద ఇంటి భవ్యకు చాలా బాగుంది. ఈ పేదవాడికి తిట్లా?

పంపలేదు. పంపను కూడా. మీ మంచికోసమే, మీ పేరు చెడకుండా, నేనే సర్దాను. మీ మాట మీరే వాడినట్టు వాడాను. అతనికి ఇలా రాశాను: "ఇంద్రసేన గారు మీ ట్రాకు శ్రద్ధగా విన్నారు. చాలా బాగుందన్నారు. మీకు వారి ఆశీస్సులు."

ఇప్పుడు ఆ పిల్లవాడు ఎంత పొంగిపోయి ఉంటాడో తలుచుకోండి. రాత్రి పడుకునేటప్పుడు మీకే తృప్తిగా ఉంటుంది.

అమ్మ కూడా మీదే తప్పంటుంది అనుకున్నాను. మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "నువ్వేం రాసినవు?" అని అడిగింది. నేను రాసింది చెప్పాను. లోపలికి వెళ్ళి పడుకుంది. మోకాళ్ళ నొప్పి ఎక్కువైనట్టుంది.

అలిగిన మేనకోడలు
సంయుక్త


చిక్కడపల్లి,
28 ఫిబ్రవరి 2025

సంయుక్తా,

నువ్వు మంచిదానివని అందరూ అంటారు. నిజమే. మంచివాళ్ళు చేసినంత నష్టం ఇంకెవరూ చేయలేరు.

నీకు తెలియదు కాబట్టి విడమరిచి రాస్తాను. మా గురువు గారి పద్ధతి ఇది, నేనూ అదే పాటించాను. క్లాసుకు వచ్చే పిల్లలు ఎక్కువ, మన దగ్గరున్న తిట్లు తక్కువ. ఎవరి మీద వెచ్చించాలో చూసుకోవాలి. పనికొచ్చేవాణ్ణి తిడతాం, వాడు ఏడ్చి మళ్ళీ వస్తాడు, మళ్ళీ తిడతాం. పనికిరానివాణ్ణి బాధపెట్టి ఏం లాభం? నవ్వి బాగుంది అంటాం, గేటుదాకా వెళ్ళి సాగనంపుతాం. నారాయణగూడ క్లాసులో ఇది అందరికీ తెలుసు. నా నోట బాగుంది అని వచ్చిన రోజు ఆ పిల్ల ఏమీ అడగకుండా ఫిడేలు సంచిలో సర్దుకునేది. మర్నాటినుంచి ఆ చోట ఇంకొకరు కూర్చునేవారు. ఎవరూ ఎవరినీ నొప్పించినట్టు ఉండేది కాదు.

నీ ఓరుగల్లు కుర్రాళ్ళకూ, భవ్యకూ, ఇంజినీరుకూ నేను బాగుందన్నది అందుకే. వాళ్ళతో నాకు పనిలేదు. బ్యానరు కట్టుకున్నారని రాశావు, ఆ ముచ్చటకు మీ అత్తమ్మా నేనూ రెండు రోజులు నవ్వుకున్నాం.

ఈ అబ్బాయి వేరు. నా క్లాసు మూసేశాక నాకు తిట్టాలనిపించినవాడు వీడొక్కడే. నీకు అర్థమవుతోందా? ఐదు కాగితాలు రాశాను. ఐదు కాగితాలు నేను ఎవరికీ రాయలేదు.

మా క్లాసు పద్ధతి అతనికి తెలిసే అవకాశం లేదు, అదొక్కటే అదృష్టం. బాగుందనుకుని మురుస్తూ ఉంటాడు. మురిసేవాడు దిద్దుకోడు, అది కూడా చెడే. ఈ ఉత్తరం అందగానే నా కాగితాలు అతనికి పంపు. నీ నియమాలు, ముందొక మంచి మాట, వెనకొక మంచి మాట, వాటితో మూట కట్టకుండా పంపు.

ఇంద్రసేన


పుణె,
9 మార్చి 2025

మామయ్యా,

మీ ఉత్తరం అందిన రోజే అన్నీ పంపాను. టైపు చేసినవీ, మీ చేతిరాత ఫోటోలూ. నేనే మార్చి రాశానని, తప్పు నాదేనని కూడా రాశాను. మర్నాడు అతని జవాబు వచ్చింది. మీరే చదవండి.

"అక్కా, నువ్వు మస్తు మంచిదానివి. నాకు బాధైతదని సార్ దగ్గరికి పోయి మల్ల రాయించినవు. సార్ కూడ నీ మాట కొట్టేయలేక రాసి ఉంటరు. మా అమ్మ పేరు సంధ్య. పెండ్లి గాకముందు నారాయణగూడల హాస్టల్ల ఉండి చదివింది, సార్ దగ్గర ఫిడేలు నేర్చుకుంది. సార్ ఒకరోజు బాగుందన్నరట. అమ్మ ఆ రోజే సంచి కట్టుకున్నదట. అందుకే సార్ పేరు చూడంగనే పంపిన, అమ్మకు చెప్పకుంట. నువ్వు బాగుందని రాసినవు కదా, ఆ మాట అమ్మకు ఫోన్ల చదివి చెప్పిన. ఇగ అయిపోయింది బిడ్డా, పుస్తకాలు పట్టుకో అన్నది. పట్టుకున్న. ల్యాప్‌టాప్ల ఉన్నయన్ని తీసేసిన. నువ్వు పరేషాన్ గాకు అక్కా. తెలిసింది, మంచిగైంది."

నేను మీ మాటను ప్రపంచంలో ఎవరికి పంపినా నష్టం ఉండేది కాదు మామయ్యా. దాని అర్థం తెలిసిన ఒక్క ఇంటికే పంపాను.

ఇక మీరు కదలాలి. అశోక్ నగర్ మీకు రెండు సందుల అవతలే. హాస్టల్ చిరునామా కింద రాశాను. వెళ్ళి, మీ నోటితో, అతని ఎదురుగా తిట్టండి. ఇంత బతిమాలుతానని ఎప్పుడూ అనుకోలేదు, అతన్ని తిట్టండి.

ఇంకొకటి. అడగకూడదనుకున్నాను గానీ అడగకుండా ఉండలేను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మీరు చాలా బాగుంది తల్లీ అన్నారు. అమ్మను అడిగాను. "పాత ముచ్చట్లెందుకు బిడ్డా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అటక మీదికి ఫిడేలు ఎక్కించింది చదువు కోసం కాదా? లడ్లు ఎందుకు పంచింది మరి? నాకు తెలియకూడదనా?

జవాబు రాయండి.

సంయుక్త


చిక్కడపల్లి,
18 మార్చి 2025

సంయుక్తకు,

వెళ్ళాను.

చౌరస్తా దాటాక ఆ సందులో నడవడానికి చోటు ఉండదు. రెండు వైపులా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, వాటి కింద టీ బండ్లు, గ్లాసు ఒక చేత పుస్తకం ఒక చేత పట్టుకుని నిలబడ్డ పిల్లలు. ఒకరి ముఖం కూడా చూడకుండా ఇన్నేళ్ళు ఆ దారిన నడిచాను. ఈసారి అందరి ముఖాలూ చూశాను, వీడేనా వీడేనా అనుకుంటూ.

హాస్టల్ మూడో అంతస్తు. తలుపు తీసిన అబ్బాయి బక్కగా ఉన్నాడు, కళ్ళద్దాలు. నా పేరు చెప్పగానే కాళ్ళకు దండం పెట్టాడు.

"సార్, మీరెందుకు ఇంత దూరం మెట్లెక్కి వచ్చిన్రు? కూసోండి సార్, జర పుస్తకాలు జరుపుత."

కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను. గాడిదా అన్నాను. కరెంటు పోయిన చోట ఊరుకోలేని వెధవా అన్నాను. మొదటినుంచి చివరిదాకా, ఏ చోట ఏ చప్పుడు ఎక్కువైందో, ఏది ముందుకు రావాలో, ఒక్కటి వదలకుండా తిట్టాను. నా జీవితంలో అంత బాగా ఎవరినీ తిట్టలేదు. పక్క గదుల పిల్లలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

అతను నవ్వుతూ విన్నాడు. నాకు ఆయాసం రాగానే మంచినీళ్ళిచ్చాడు.

"మీరు మంచోళ్ళు సార్. అక్క చెప్పింది కదా, గట్ల తిట్టమని. నాకు ఎరుకే."

"ఎవరూ చెప్పలేదురా. నిజంగా తిడుతున్నాను."

"సార్, అమ్మ చెప్పింది. సార్ ఒకసారి అన్నడంటె అన్నడే, మల్ల మార్చడు, అదే సార్ గొప్పతనం అన్నది. మా కోసం మీరు మాట మార్చుకోవద్దు సార్. మాకే మంచిగుండదు."

నేను ఒక మాట చెబితే దానికి తిరుగులేదని చెప్పుకున్నవాణ్ణి నేనే. ఆ పేరు చిక్కడపల్లి నుంచి హుస్నాబాద్ దాకా పాకిందని ఒకప్పుడు వింటే గర్వపడేవాణ్ణి.

మీ అమ్మకు ఫోను చెయ్యి, నేను మాట్లాడతాను అన్నాను. చేశాడు.

"నమస్తే సార్, మంచిగున్నరా? నేను సంధ్యను. క్లాసుల కిటికీ పక్క కూసునేదాన్ని."

గుర్తు రాలేదు. అబద్ధం ఆడలేక గుర్తులేదమ్మా అన్నాను.

"ఎట్లుంటది సార్ గుర్తు. నాకు బాగుందన్నరు కదా."

అంత మామూలుగా అంది. కోపం ఉన్నా బాగుండేది. నేను తొందరపడి చెప్పేశాను: అది నా మాట కాదు, నా మేనకోడలు పెట్టింది, మీ వాడికి చెయ్యి ఉంది, చెవి ఉంది, మాన్పించకు. ఆ ట్రాకులో ఫిడేలు వాయించినవాళ్ళకు కూడా మంచి చెయ్యి ఉంది, ఎవరమ్మా అది?

సంధ్య అంది: "నేనే సార్. దసరాకు వచ్చినప్పుడు వాడు సతాయిస్తె పెట్టెల నుంచి తీసి వాయించిన."

సంయుక్తా, ఆ మణికట్టు నేను నేర్పిందే. నా ఎదురుగా ఉన్నప్పుడు నాకు వినబడలేదు.

మంచి చెయ్యి అమ్మా అన్నాను మళ్ళీ. అప్పుడు ఆమె గొంతు మారింది. అది ఆమె మాటల్లోనే రాస్తాను, నేను సర్దితే పాడవుతుంది.

"సార్, గా మాట ఇప్పుడు చెప్పకుండ్రి. మీరు బాగుందన్నరు, నేను నమ్మిన. నమ్మినందుకే ఇన్నేండ్లు నాకు బాధ లేదు. రాదు అని తెలిసినంక బాధేముంటది? ఇప్పుడు మీరు గది తప్పంటె నేను ఏం చేసుకోవాలె? వాని విషయంల తప్పైందంటె నా విషయంల కూడ తప్పైనట్టే కదా. వద్దు సార్. మీ మాట మీద ఉండుండ్రి. మా వాడు చదువుకుంటడు." పెట్టేసింది.

అబ్బాయి నన్ను కిందిదాకా దింపాడు, రోడ్డు దాటించాడు, రెండు సందులకే ఆటో ఎక్కించాడు. గేటుదాకా వచ్చి నవ్వుతూ సాగనంపడం ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. చాలా మర్యాదగా చేశాడు.

ఇంటికి వచ్చాక మీ అత్తమ్మ ఏమైందని అడిగింది. చెప్పాను. "ఇన్నేండ్లకు ఒకరైనా నీ మాట గట్టిగ పట్టుకున్నరు" అని పెరుగన్నం కలిపి ముందు పెట్టింది. నేను తినలేదు. ఆవిడ బతిమాలలేదు.

నీ ప్రశ్నకు జవాబు అడిగావు. గుర్తులేదు సంయుక్తా. నువ్వు వాయించడం గానీ, నేను అనడం గానీ, లడ్లు గానీ ఏవీ గుర్తులేవు. తిట్టిన పిల్లలందరూ గుర్తున్నారు, వాళ్ళ వేళ్ళ పొడవులతో సహా. బాగుంది అన్నవాళ్ళు ఒక్కరూ గుర్తులేరు. గుర్తుపెట్టుకోనక్కర లేకుండా ఉండడానికే ఆ మాట. నువ్వు అడిగావు కాబట్టి నిజం చెబుతున్నాను, మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మీ అమ్మ లడ్లు పంచిందంటే, నీ మీద ఆమెకున్న ప్రేమ అది.

దీనితో ఇంకో కాగితం పెట్టాను. సంధ్యకు రాసిన క్షమాపణ. రెండు రోజులు కూర్చుని రాశాను, ఇలాంటిది రాయడం నాకు కొత్త. ఎంత రాసినా చివరికి నేను ఎందుకు అలా అన్నానో సమర్థించుకున్నట్టే వస్తోంది. చదివి ఎలా ఉందో చెప్పు. మెత్తబరచడం నీకు వచ్చిన విద్య, సర్ది ఆమెకు పంపు. నీ అభిప్రాయం కోసం చూస్తూ ఉంటాను.

ఇంద్రసేన


పుణె,
2 ఏప్రిల్ 2025

మామయ్యా,

మీ ఉత్తరమూ, క్షమాపణ కాగితమూ అందాయి.

అఖిల్ తన ట్రాకును పేజీలోంచి తీసేయమన్నాడు, తీసేశాను. నా దగ్గర ఒక ప్రతి ఉంది, పంపనా అని అడిగితే, "వద్దక్కా, మల్ల విన్ననంటె చదువు సాగది" అన్నాడు. నోటిఫికేషన్ పడిందట, హాల్లో పొద్దున్నే చోటు పట్టుకుని కూర్చుంటున్నాడట. వంకర రెక్క ఫ్యాను బాగుచేయించారని చెప్పాడు. ఇప్పుడు ఏ చప్పుడూ రావడం లేదట.

'తోడుచెవి' మూసేశాను. ఓరుగల్లు కుర్రాళ్ళు ఇంకా ఆ బ్యానరు తీయలేదు, ఆ మాటకు అర్థమేమిటో నేను చెప్పలేదు. ఇంజినీరు ఉద్యోగం మానేశాడు. అతనికి కూడా నేను చెప్పలేదు, మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి.

అటక మీది ఫిడేలును అమ్మ ఎప్పుడో ఎవరికో ఇచ్చేసిందట. మొన్న చెప్పింది. చెప్పి ఏడ్చింది, నేను ఏడవలేదు. ఆఫీసులో ఎవరైనా చిన్నబుచ్చినప్పుడు తలుచుకోవడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. అలవాటు చేసుకుంటాను.

మీ క్షమాపణను సర్దమన్నారు. ఒక్క అక్షరం కూడా సర్దలేదు. సంధ్య గారికి పంపనూ లేదు, ఆమె మిమ్మల్ని వద్దని వేడుకుంది కదా. అభిప్రాయం మాత్రం మీరు అడిగారు, చూస్తూ ఉంటానన్నారు, చెప్పకపోతే మర్యాద కాదు. రెండుసార్లు శ్రద్ధగా చదివాను మామయ్యా.

చాలా బాగుంది.

సంయుక్త